‘హెక్టిక్’, ‘దిక్’, ‘క్షయ’: అనంతగిరి నేపథ్యంలో ఒక విశేషణ చరిత్ర

వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండలు పద్మనాభస్వామి ఆలయానికీ, మూసీ నది పుట్టుకకూ ప్రసిద్ధి. నిజాం పాలన చివరి దశలో వెలసిన క్షయ చికిత్సాలయం వాటికి మరొక గుర్తింపునిచ్చింది. ఔషధాలు రాని కాలంలో శానిటోరియం చికిత్స అంటే విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, స్వచ్ఛమైన గాలి, ఉదయ సాయంత్రాల జ్వర పరీక్ష. ఉదయం తగ్గి, సాయంత్రం పెరిగి, రాత్రి చెమటలతో దిగే జ్వరానికి ఆంగ్ల వైద్యులు వాడిన విశేషణం ‘హెక్టిక్’.

దీనికి మూలమైన గ్రీకు ‘హెక్టికోస్’ పదానికి ‘అలవాటైన’ అని అర్థం. దేహానికి స్వభావంగా మారిన జ్వరమన్నది ఇందలి భావం. రోగి చెక్కిళ్ల ఎరుపునూ ఈ విశేషణంతోనే వర్ణించారు. ఊపిరి సలపని పని అనే అర్థం 20వ శతాబ్ది ఆరంభంలో గాని స్థిరపడలేదు.

1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉన్న తాండూరులో ఇంటి భాష తెలుగో కన్నడమో అయినా కచేరీ భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యవిద్యను సైతం ఉర్దూలోనే బోధించింది. యునానీ వైద్యంలో ఈ జ్వరం పేరు ‘తపె దిక్’. ‘దిక్’కు అరబ్బీ మూలార్థం సన్నదనం. ‘దిక్ కర్నా’ అంటే వేధించడం. ఆంగ్ల పదం హడావుడి వైపు మళ్లగా, ఉర్దూ పదం విసుగు వైపు మళ్లింది. రెండింటా రోగి అనుభవమే లోకవ్యవహారంలోకి వచ్చిందనడం సమంజసం.

తెలుగు వ్యవహారం వేరు. ‘క్షయ’ తరుగుదలను చెప్పే నామం. ‘రాజయక్ష్మ’ దక్షుని శాపంతో కృశించిన చంద్రుని కథను స్మరింపజేస్తుంది. జ్వరలక్షణాన్ని మాత్రమే చెప్పే విశేషణం వ్యాప్తిలో లేదు. ‘క్షయజ్వరం’ అనే సమాసంతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. అది రోగమేదో చెబుతుంది గాని జ్వరం తీరు చెప్పదు.

1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. ఇంటి వద్ద చికిత్స శానిటోరియం చికిత్సకు తీసిపోదని 1959లో మద్రాసు అధ్యయనం నిరూపించింది. క్రమంగా ‘హెక్టిక్’ వైద్యం నుండి జారిపోయి, ‘హెక్టిక్ షెడ్యూల్’గా నేటి తెలుగు సంభాషణలో స్థిరపడింది. అందువల్ల 19వ శతాబ్ది ఆంగ్ల నవలలోని ‘హెక్టిక్’ చెక్కిళ్లను అనువాదకుడు ‘హడావుడి’తోనో, ఆరోగ్యపు నిగారింపుతోనో ముడిపెట్టే ప్రమాదముంది. అక్కడ రచయిత సూచించినది పాత్రకు సమీపించిన మరణాన్ని.