బేగంపేట దోమ సముద్రం దాటిన వైనం

హైదరాబాదు చరిత్ర అనగానే గోలకొండ, చార్మినారు తలపుకు వస్తాయి. ఈ నగరానికి ఒక దోమ చరిత్ర కూడా ఉంది. అది ఇంకా ముగియలేదు.

1897 ఆగస్టు 20న బేగంపేటలో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ మచ్చల రెక్కల దోమ జఠరంలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ దోమ హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగినది. దోమ కాటుకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి దక్కింది. ఆ దోమ అనాఫిలిస్ స్టీఫెన్సై అయి ఉంటుందని పలువురి అభిప్రాయం. ఈ జాతికి ఆ పేరు 1901లో లిస్టన్ పెట్టాడు.

మలేరియా దోమల్లో పెక్కింటికి వాగులో, మడుగులో కావాలి. దీనికి మన ఇల్లే చాలు. 1911లో బొంబాయి మలేరియాపై బెంట్లీ ఇచ్చిన నివేదిక నగరంలోని బావులనే వేలెత్తి చూపింది. బావులు పోయి ట్యాంకులు వచ్చాయి, దోమ మిగిలింది. నేనుండే చంపాపేట్ ఒకనాటి శివారు గ్రామం. నేడు మేడమీద ట్యాంకు, నేలలో సంపు లేని ఇంటిని వెతుక్కోవాలి. నల్లా రోజంతా రాదు గనుక నీరు నిల్వ చేయక తప్పదు.

ఒకప్పుడు భారత ఉపఖండం, ఇరాన్, అరేబియా ఈ దోమకు ఎల్లలు. 2012లో అది ఆఫ్రికా తీరాన జిబూటీలో కనిపించింది. ఓడలెక్కి వచ్చి ఉండవచ్చునంటారు. 2016లో ఇథియోపియాలోనూ, మలేరియా రహిత దేశంగా అదే ఏడు గుర్తింపు పొందిన శ్రీలంకలోనూ బయటపడింది. ఆ తరువాత నైజీరియా, కెన్యా, ఘనా. జిబూటీలో 2012లో 27గా ఉన్న మలేరియా కేసులు 2020 నాటికి 73,000 దాటాయి.

ఆఫ్రికాలో మలేరియా ప్రధానంగా పల్లెల వ్యాధి. నగరాలు కొంత ఊరట. ఇప్పుడా ఊరటకే ముప్పు. ఈ దోమ నిద్రవేళకు ముందే కుడుతుంది, పశువులనూ కుడుతుంది. కనుక దోమతెర ఒక్కటే చాలదు.

దోమ తన స్వభావం మార్చుకోలేదు. నీరు దాచుకోక తప్పని బస్తీలు పెరిగిన చోటికల్లా నడిచి వెళ్ళింది. ట్యాంకుకు బిగువైన మూత పెట్టడం మన పని. నిల్వ అవసరమే లేకుండా నల్లా నీరివ్వడం ప్రభుత్వం పని. రెండవది జరగనంత కాలం మొదటి దాన్ని మరచిన ప్రతి ఇల్లూ దోమకొక మజిలీయే.