మాస్టారి వెనకాల అమ్మ

మా చిన్న మరిది నరసరావుపేటలో పెళ్ళిళ్ళకి పాడతాడు. వెనక హార్మోనియం లేదు, తబలా లేదు. ఒక ల్యాప్‌టాపు, రెండు సౌండు బాక్సులు, అంతే. దీన్ని కరవోకే అంటారు. జపాను మాట, 'ఖాళీ వాద్యబృందం' అని అర్థంట. 1971లో కోబే నగరంలో ఇనూయే అనే వాద్యకారుడు ఇలాంటి పెట్టె చేయించి బార్లకి అద్దెకిచ్చాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు పాపం.

ఆ పెట్టె కోసం వాద్యాలు విడిగా వాయించి రికార్డు చేసేవారు. మరి అలా వాయించిపెట్టే దిక్కులేని పాటల సంగతి? పాటలోంచి గాయకుణ్ణి తియ్యాలి. దానికో చిట్కా ఉంది. స్టీరియో పాటలో వాద్యాలని అటూ ఇటూ పంచినా గాయకుణ్ణి సాధారణంగా నడిమధ్యన, రెండు వైపులా సమానంగా ఉంచుతారు. ఒకవైపు ధ్వనిని తలకిందులు చేసి రెండోదానితో కలిపితే, సమానంగా ఉన్నదంతా సున్నా! 2000లో వచ్చిన అడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఇంట్లో కూర్చుని ఎవరైనా ఈ పని చెయ్యగలిగారు.

మా మరిది ఘంటసాల పాత పాట మీద ఈ ప్రయోగం చేశాడు. గొంతు పోయింది. వీణా పోయింది, వయొలిన్లూ పోయాయి. అది మోనో పాట, రెండు వైపులా ఉన్నది ఒకటే మరి. "వదినా, మాస్టార్ని వెళ్ళమంటే మేళం మొత్తం లేచిపోయింది" అన్నాడు.

2019లో డీజర్ అనే ఫ్రెంచి సంస్థ స్ప్లీటర్‌ని ఉచితంగా ఇచ్చింది. ఇది లెక్కకట్టి కొట్టెయ్యదు, గుర్తుపడుతుంది. గొంతులూ వాద్యాలూ విడివిడిగా ఎన్నో పాటల్లో వినిపించి నేర్పారు దానికి. మోనో అయినా బెంగలేదు. ఇలాంటి విద్యతోనే, 1980లో పోయిన జాన్ లెనన్ గొంతుని ఇంటి క్యాసెట్టులోని పియానో నుంచి విడదీసి 2023లో బీటిల్స్ పాటగా విడుదల చేశారు.

అది చదివాక నా దగ్గరున్న క్యాసెట్టు గుర్తొచ్చింది. గురజాలలో ఓ సాయంత్రం రేడియోలో ఘంటసాల పాట వస్తుంటే మా అమ్మ కూడా పాడుతోంది. నాన్న చాటుగా రికార్డు చేశారు. అమ్మ గొంతు మాకు మిగిలింది అదొక్కటే. మాస్టార్ని తీసేసి అమ్మని ఉంచమన్నాను మరిదిని.

కుదర్లేదు. గొంతుని వాద్యాల నుంచి విడదియ్యడం తెలుసు గానీ, ఒక గొంతుని ఇంకో గొంతు నుంచి విడదియ్యడం దానికి తెలీదు. ఇద్దర్నీ ఒకే ఫైల్లో పెట్టి ఇచ్చింది. వాద్యాల్లేకుండా ఆయన నిదానంగా పాడుతున్నారు. వెనకాల అరమాత్ర ఆలస్యంగా అమ్మ. చరణానికి ముందు ఆయన ఆగినచోట, "అన్నం మాడుతోందేమో చూడవే" అంది. నాతోనే. ఇన్నాళ్ళూ వయొలిన్ల కిందుండి వినబడలేదు.