అద్దపు దూరదర్శిని కథ

1840లో విశాఖపట్టణంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు సొంత ఖర్చుతో ఒక వేధశాలను నెలకొల్పినాడు. మద్రాసు వేధశాలలో టి. జి. టేలర్ వద్ద ఖగోళశాస్త్రం అభ్యసించిన ఆయన, తన వేధశాలలో అమర్చిన దూరదర్శిని కటకం వెడల్పు 4.8 అంగుళాలు. ఆ వేధశాల ఉండిన మేడవల్లనే ఆ ప్రాంతానికి డాబా గార్డెన్స్ అనే పేరు నిలిచినదని చెప్పుకుంటారు. నేడు విద్యార్థులు బల్లమీద పెట్టుకొని ఆకాశం చూసే చిన్న దూరదర్శినులలో 114 మిల్లీమీటర్ల అద్దం కలవి సర్వసామాన్యం. అది సుమారు నాలుగున్నర అంగుళాలు. నాడు ఒక సంస్థానాధిపతి సంపదకు మాత్రమే అందిన వెడల్పు నేడు కొన్ని వేల రూపాయలకు ఒక పల్లెటూరి పాఠశాలకు అందుతున్నది. ఈ మార్పు ఎట్లా వచ్చినదో తెలుసుకోవాలంటే అద్దం కథ తెలుసుకోవాలి.

దూరదర్శిని చేసే ప్రధానమైన పని దూరపు వస్తువును పెద్దది చేయడం అని చాలమంది భావిస్తారు. అంతకంటె ముఖ్యమైన పని వెలుతురును ప్రోగుచేయడం. చీకటిలో బాగా విచ్చుకొన్న కంటిపాప వెడల్పు ఏడు మిల్లీమీటర్లు. 114 మిల్లీమీటర్ల అద్దం అంతకు సుమారు 250 రెట్ల వెలుతురును పట్టి ఒక బిందువు వద్దకు చేరుస్తుంది. ఈ పని కటకమూ చేయగలదు. కాని మంచి కటకానికి రెండు జాతుల గాజు కావాలి, నాలుగు ముఖాలు సానపట్టాలి, గాజు లోపల ఎక్కడా మచ్చ ఉండరాదు. అద్దానికి ఒక్క ముఖం చాలును. వెలుతురు దానిలోనుండి పోదు కనుక లోపలి గాజు ఎట్లున్నా బాధ లేదు. అద్దం చౌక కావడానికి మూలకారణం ఇదే.

న్యూటన్ 1668లో నిర్మించిన మొదటి అద్దపు దూరదర్శిని జానెడు పొడుగుకు మించినది కాదు. దాని అద్దం అంగుళంన్నర వెడల్పైనా లేదు. ఆ కాలంలో అద్దాన్ని గాజుతో గాక, రాగి, తగరం కలిపిన ఒక రకపు తెల్లని కంచుతో పోతపోసేవారు. కంచు పళ్ళెం ఇంట్లో ఉన్నవారికి దాని గుణం చెప్పనక్కరలేదు. నాలుగు నాళ్ళకే కళ తప్పుతుంది. పళ్ళెమైతే చింతపండుతో తోముకొనవచ్చును. దూరదర్శిని అద్దాన్ని తోమితే దాని వంపు చెడుతుంది, ఆ వంపును మళ్ళీ మొదటినుండి తీర్చవలసి వస్తుంది. అద్దపు వంపులో తప్పు, తలవెంట్రుక మందంలో వెయ్యవ వంతును మించరాదు! సంగీతమే వృత్తిగా బ్రతికిన విలియం హెర్షెల్ ఇటువంటి లోహపు అద్దాలను స్వయంగా అరగదీసి, 1781లో యురేనస్ గ్రహాన్ని కనుగొన్నాడు. అంతటి ఓపిక అందరికీ ఉండదు.

1856, 1857 సంవత్సరాలలో జర్మనీలో స్టెయిన్‌హీల్, ఫ్రాన్సులో ఫూకో గాజు అద్దంపై పలుచని వెండి పూత పూసి దూరదర్శినికి వాడినారు. వెండి నల్లబడితే ఆ పూతను మందుతో కడిగివేసి కొత్తపూత పూయవచ్చును, అడుగున గాజు వంపు చెక్కుచెదరదు. ఈ చిన్న ఉపాయంతో అద్దపు దూరదర్శిని సామాన్యుని దారి పట్టినది. 1930ల నుండి వెండి స్థానాన్ని అల్యూమినియం ఆక్రమించినది.

ఈ కొత్త అద్దం పన్నెండేండ్లు తిరిగీ తిరగకముందే తెలుగునేలపై కాలుమోపినది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణం మన తీరాన్ని దాటినప్పుడు, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో విడిది చేసి సూర్యుని అంచునుండి లేచే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించిన సంగతి ప్రసిద్ధమే. గ్రహణం లేకున్నా ఆ జ్వాలలను చూడవచ్చునని ఆయన మరునాడే నిరూపించినాడు. ఆ గ్రహణపు పరిశీలనలలో కనిపించిన పసుపుపచ్చని గీత తరువాత హీలియం అనే మూలకానికి దారి చూపినది. అదే గుంటూరులో మేజర్ జేమ్స్ టెన్నెంట్ నాయకత్వాన ఆంగ్లేయుల బృందం కూడ విడిది చేసినది. ఛాయాచిత్రాలు తీయడానికి వారు తెచ్చినది బ్రౌనింగ్ నిర్మించిన 9 అంగుళాల, వెండిపూత గల గాజు అద్దపు దూరదర్శిని. అది న్యూటన్ పద్ధతిది. నేటి బల్లమీది దూరదర్శిని దాని చిన్న చెల్లెలు అనవచ్చును.

ఇక మన వేధశాలల సంగతి. జగ్గారావు అనంతరం ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ వేధశాలను నడిపి, 1874 డిసెంబరు 9న సూర్యబింబంమీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని పరిశీలించినాడు. ఆ వివరాలు లండనులోని రాయల్ ఖగోళ సంఘం పత్రికలో అచ్చయినవి. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో 15 అంగుళాల కటకపు దూరదర్శినిని తెప్పించినాడు. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం ఆ వేధశాలను స్వీకరించినది. అక్కడ పోకాక్, భాస్కరన్ ప్రభృతులు ఏండ్ల తరబడి నక్షత్రాల ఛాయాచిత్రాలు తీసి, లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచి, అంతర్జాతీయ ఆకాశపటానికి హైదరాబాదు వంతును పూర్తిచేసినారు. ఆ వేధశాల ఉద్యోగి కుమారుడే వైను బప్పు. తండ్రి పనిచేసిన దూరదర్శినుల నీడలో పెరిగి, 1949లో ఒక తోకచుక్కను కనుగొని, తరువాత జవాది కొండలలో కావలూరు వేధశాలకు ప్రాణం పోసినవాడు ఆయనే.

ఈ చరిత్రలో మనం గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. పోషకుడు పోయినా ఈ సంస్థలు కొంతకాలం బ్రతికినవి, వారసుడో, ప్రభుత్వమో, విశ్వవిద్యాలయమో ఆదుకొన్నది. చీకటి పోయిన తరువాత వాటిని ఆదుకొనగలవారు లేకపోయినారు. హైదరాబాదు నగరపు దీపాలకు దూరంగా ఉండాలనే ఉస్మానియా విశ్వవిద్యాలయం జాపాల, రంగాపూరు గ్రామాల వద్ద 1968లో 48 అంగుళాల అద్దపు దూరదర్శినిని నెలకొల్పినది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడ పరిశీలించినారు. నగరం అటువైపూ పెరిగినది, వెలుతురు వెంటాడినది, ఆ దూరదర్శినితో జరిగే పని సన్నగిల్లినది.

అద్దం సామాన్యుని చేతికి రావడంలో చివరి మెట్టు ఎక్కించినవాడు ఒక సన్యాసి. జాన్ డాబ్సన్ 1944లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత సమాజంలో చేరినాడు. అది రామకృష్ణ సంప్రదాయానికి చెందినది. సృష్టిని ప్రతివాడూ తన కంటితో చూడాలన్నది ఆయన పట్టుదల. పారవేసిన గాజును అద్దంగా అరగదీసి, అట్టగొట్టంలో బిగించి, చెక్కపెట్టెలో ఫిరంగివలె నిలిపి, చేతితో నెట్టి త్రిప్పే దూరదర్శినిని రూపొందించినాడు. 1967లో మఠం విడిచిన తరువాత వీథుల ప్రక్కన నిలబడి దారినపోయేవారికి చంద్రుని చూపినాడు. దానిలో గడియారపు యంత్రం లేదు, ఇనుప స్తంభం లేదు. 2014లో ఆయన మరణించినాడు, ఆయన పెట్టె ప్రపంచమంతటా నిలిచినది. బల్లమీది దూరదర్శిని ఆ పెట్టెకు చిన్న రూపం.

ఇటువంటి పరికరాన్ని నంబులపూలకుంట వంటి ఊరికి తీసుకొని పోదాము. కదిరి ప్రాంతంలోని ఈ మెట్టభూమికి వర్షం తక్కువ. పూర్వపు అనంతపురం జిల్లాకు ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. రైతుకు శాపమైన ఆ నిర్మలాకాశం ఆకాశ పరిశీలకునికి వరం. పైగా ఊరు సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశంమీద ఉన్నది కనుక దక్షిణాకాశంలో పెద్దభాగం ఇక్కడికి కనిపిస్తుంది. విలియం హెర్షెల్ కుమారుడు జాన్ హెర్షెల్ దక్షిణపు నక్షత్రాలను చూడడానికి ఓడలో తన అద్దాన్ని తీసుకొని ఆఫ్రికా కొసకు పోయి 1834 నుండి నాలుగేండ్లు అక్కడనే ఉన్నాడు. ఇంగ్లండులో ఎన్నడూ ఉదయించని ఒమేగా సెంటారీ అనే నక్షత్రగుచ్ఛం వేసవిలో, మే నెల నడుమ, రాత్రి పది గంటలకు ఈ ఊరి దక్షిణ దిక్కున 28 డిగ్రీల ఎత్తున నిలుస్తుంది. కంటికి మసకచుక్క, చిన్న అద్దంలో గుండ్రని వెలుగుముద్ద. ఈ ఊరి వద్దనే 2016లో 250 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం పనిచేయసాగినది. పగలు ఆ పలకలు పట్టే వెలుతురు సూర్యుని విడిచి ఎనిమిది నిమిషాలు. రాత్రి అద్దం పట్టే ఆ గుచ్ఛపు వెలుతురు బయలుదేరి సుమారు 17 వేల ఏండ్లు.

కొత్తగా మొదలుపెట్టేవారికి కొన్ని మాటలు. పగటిపూటనే, సూర్యుడు వీపువైపు ఉండగా, దూరపు టవరునో, కొండకొననో దూరదర్శినిలో మధ్యకు తెచ్చి, పైనున్న గురిచూసే సాధనాన్ని దానికి సరిచేసుకోవాలి. చీకటిలో ఈ పనికి పూనుకొంటే విసుగు తప్పదు. దూరదర్శినిని సూర్యునివైపు ఎన్నడూ త్రిప్పరాదు. ఒక్క క్షణంలో కన్ను పోతుంది. పిల్లలను పగలు దానితో ఒంటరిగా విడువరాదు. బల్ల ఊగితే చుక్క కూడ ఊగుతుంది, కనుక కాళ్ళు కదిలే బల్లకంటె రచ్చబండ మేలు. పగలంతా కాగిన మిద్దె సాయంత్రం వేడి కక్కుతుంది, దానిమీద గాలి కదలి బింబం వణుకుతుంది. ఆరుబయట మట్టినేల మంచిది. దూరదర్శినిని చూడబోయే వేళకు అరగంట ముందుగా బయట పెడితే అద్దం చల్లబడుతుంది. కంటికీ చీకటి అలవడడానికి అంతే వ్యవధి కావాలి. ఆ తరువాత సెల్‌ఫోను వెలుగు చూస్తే మళ్ళీ మొదటికి వస్తుంది.

మొదట తక్కువ పెంపు ఇచ్చే నేత్రకటకంతోనే చూడాలి. అద్దపు నాభ్యంతరం 450 మిల్లీమీటర్లయితే, 25 మిల్లీమీటర్ల నేత్రకటకం 18 రెట్లు, 10 మిల్లీమీటర్లది 45 రెట్లు పెంచుతుంది. మొదటిదానితో వెదకి, రెండవదానితో పరిశీలించాలి. బింబం తలక్రిందులుగా కనబడుతుంది, అది లోపం కాదు. చంద్రుని చూడడానికి పున్నమి తగిన రోజు కాదు. శుక్ల సప్తమి, అష్టములలో వెలుగునీడల సరిహద్దున గుంటలు, కొండలు నీడలతో సహా కనిపిస్తాయి. బృహస్పతి ప్రక్కన గెలీలియో 1610లో చూసిన నాలుగు ఉపగ్రహాలు ఈ అద్దానికి సులభంగా అందుతాయి. శని వలయం 45 రెట్లలో చిన్నదైనా స్పష్టమే. మన పెద్దలు పిల్లలకోడి అని పిలిచిన కృత్తికలు పదుల చుక్కలై విడిపోతాయి. పుస్తకాలలోని రంగుల బొమ్మలను ఈ అద్దంలో ఆశించరాదు. నీహారికలు బూడిదరంగు మసకలుగానే ఉంటాయి. చూసినది చూసినట్లు తేదీ, వేళ వేసి పుస్తకంలో వ్రాసుకోవాలి. విశాఖ వేధశాల శుక్రుని చూసిన సంగతి నేడు మనకు తెలియడానికి ఆ వ్రాతే కారణం.

అద్దం ధర నానాటికి తగ్గినది, చీకటి ధర నానాటికి పెరుగుతున్నది. వీథిదీపం ఊరికి అవసరం, దానిని ఆర్పివేయమని ఎవరూ అనరు. కాని దీపానికి పైన ఒక రేకు టోపీ ఉంటే వెలుతురు నేలమీద పడుతుంది, లేకుంటే సగం ఆకాశంపాలవుతుంది, దానికీ మనమే బిల్లు కడతాము. హైదరాబాదు తన చీకటిని పోగొట్టుకొని దూరం పోయి వెదకవలసివచ్చినది. నంబులపూలకుంటకు ఇంకా ఊరి పొలిమేరలోనే చీకటి ఉన్నది. కొత్త దీపాలు వేయించే పంచాయతీ పెద్దలు, దూరదర్శిని కొనదలచిన ఉపాధ్యాయులు ఒకసారి కలిసి మాట్లాడుకొంటే ఆ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డురాకుండా జరుగుతాయి.