అవ్వ మంచం

ఆళ్ళగడ్డలో మా అవ్వ 1978లో పెరట్లో జారిపడింది. తుంటి విరిగింది. కాలికి ఇరుపక్కలా ఇసుకమూటలు పెట్టి కదలవద్దన్నారు. వీపున పుండ్లు పడ్డాయి, ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. మూడు నెలలు తిరగకుండానే కన్నుమూసింది. వయసు మీరిందిలే అనుకున్నాం. ఆ మాట నిజమేనా అని చాలా ఏళ్ళ తర్వాత వైద్యచరిత్ర తిరగేశాను.

తొడ ఎముక మెడ కీలు లోపల విరిగితే అతకడం కష్టమని, తలభాగానికి నెత్తురు అందకపోవడమే కారణమని లండన్ శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ 1822లోనే రాశాడు. బోస్టన్ వైద్యుడు స్మిత్-పీటర్సన్ 1931లో మూడు రెక్కల ఉక్కుమేకును లోకానికి తెలిపాడు. 1950లలో ఆస్టిన్ మూర్ రూపొందించిన లోహపు తల వాడుకలోకి వచ్చింది. రెంటి ఉద్దేశమూ రోగిని త్వరగా మంచం దించడమే.

ఎంత త్వరగా? భారత్ సహా 17 దేశాల్లో 2,970 మందిపై జరిగిన 'హిప్ అటాక్' పరిశోధన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. గుర్తించిన ఆరు గంటలకు శస్త్రచికిత్స చేసినా, ఇరవైనాలుగు గంటలకు చేసినా మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. అయితే త్వరగా చేసినవారిలో మతిభ్రమ తగ్గింది. ముందుగా లేచి నిలబడ్డారు, ముందుగా ఇల్లు చేరారు.

2021లో మా అమ్మకూ తుంటి విరిగింది. నంద్యాలలో మర్నాడే శస్త్రచికిత్స చేశారు. మూడోనాడు నా భుజం పట్టుకుని నాలుగడుగులు వేసింది. సంతోషించాను, అవ్వ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. ఆమెకు కావలసిన మేకు అప్పటికే నలభై ఏడేళ్ళ పాతది. మా గడప దాకా రాలేదు, అంతే.