ఊరికొచ్చిన తీగ వాడకు ఎందుకు రాలేదు?

పోయిన భాగంలో వాడకు కరెంటు స్తంభం వచ్చిన కథ రాశాను. ఈసారి ఫోను, ఇంటర్నెట్ తీగ సంగతి.

తార్నాక నుంచి మల్కాజ్‌గిరి దాకా ఏ గల్లీలో చూసినా నెత్తిమీద నల్ల తీగలు గుత్తులుగా వేలాడుతుంటాయి. లాభం ఉన్న చోటికి కంపెనీ తనంతట తానే వస్తుంది. లాభం లేని చోటికి రావాలంటే ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. ఆ డబ్బు మనమే కడుతున్నాం. టెలికాం కంపెనీలు సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో 5 శాతం ప్రభుత్వానికి చెల్లించాలి. అంటే మన రీచార్జ్‌లో కొంత భాగం అందులోకే పోతోంది.

1999 టెలికాం విధానం ఈ ఏర్పాటుకు దారి వేసింది. 2002 ఏప్రిల్ 1 నుంచి సార్వత్రిక సేవా నిధి మొదలైంది. 2003లో టెలిగ్రాఫ్ చట్టాన్ని సవరించి దానికి చట్టబద్ధత ఇచ్చారు. అయితే వసూలైన డబ్బు ముందు భారత సంచిత నిధిలో పడుతుంది. పార్లమెంటు కేటాయిస్తేనే అక్కడి నుంచి బయటికొస్తుంది. ఏళ్ల తరబడి వసూలు ఎక్కువ, ఖర్చు తక్కువ.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం ఇంకో ప్రశ్న. ఈ నిధి ఎవరిని లెక్కపెడుతుంది?

మొదట గ్రామాన్ని లెక్కపెట్టింది. గ్రామానికి ఒక పబ్లిక్ ఫోను పెడితే ఆ గ్రామానికి సేవ అందినట్టే. మా ఊళ్లో ఆ ఫోను ఒక పెద్దాయన ఇంట్లో ఉండేది. పట్నం నుంచి మా అన్న ఫోన్ చేస్తే వాడకు కబురొచ్చేది. మా నాయిన ఉరికురికి పోయి వాకిట్లో నిలబడేవాడు. రిసీవర్‌ను కిటికీలోంచి అందించేవాళ్లు. సర్కారు లెక్కల్లో మా ఊరికి ఫోను వచ్చింది. మా నాయినకు మాత్రం కిటికీ దాకానే వచ్చింది.

2011 అక్టోబర్‌లో కేంద్రం ఆమోదించిన ఆప్టికల్ ఫైబర్ పథకం, ఇప్పటి భారత్‌నెట్, గ్రామ పంచాయతీని లెక్కపెట్టింది. తీగ పంచాయతీ ఆఫీసుకు చేరితే పని అయిపోయినట్టే. ఆ ఆఫీసు ఊరి నడుమ ఉంటుంది, వాడ ఊరి చివర ఉంటుంది. ఆ మధ్య దూరం ఏ కాగితంలోనూ కనబడదు.

మన రెండు రాష్ట్రాలు వేర్వేరు దారులు పట్టాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభమైంది. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అన్నారు. లెక్క ఇంటి దాకా వచ్చింది కానీ, ఆఖరి తీగ లోకల్ కేబుల్ ఆపరేటర్ చేతిలోనే ఉండిపోయింది. తెలంగాణ టీ-ఫైబర్ మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకాల్లోనే ఫైబర్ వేసింది. తవ్వకం ఖర్చు కలిసొచ్చింది. 2024 డిసెంబర్‌లో గానీ కొన్ని గ్రామాల్లో ఇళ్లకు ప్రయోగాత్మకంగా కనెక్షన్లు మొదలు కాలేదు.

కేరళ పేద కుటుంబాన్ని లెక్కపెట్టింది. 2023 జూన్‌లో ప్రారంభించిన కేఫోన్ 20 లక్షల పేద కుటుంబాలకు ఉచిత ఇంటర్నెట్ లక్ష్యంగా పెట్టుకుంది. మొదటి విడతలో తీసుకున్నది 14 వేల కుటుంబాలనే. మాటకూ చేతకూ అంత ఎడం ఉన్నా, ఎవరికి ఇవ్వాలో పేరు పెట్టి చెప్పింది. అమెరికాలో 1985 నుంచి లైఫ్‌లైన్ పథకం తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ఫోను బిల్లులో కొంత భరిస్తోంది. ఫిన్లాండ్ 2010 జూలై నుంచి 1 ఎంబీపీఎస్ కనెక్షన్‌ను ప్రతి ఒక్కరి హక్కుగా చట్టంలో రాసుకుంది. అక్కడ కంపెనీ ఇవ్వకపోతే మనిషి నిలదీయగలడు. ఇక్కడ నిలదీయడానికి మన పేరే లెక్కలో లేదు.

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ సరిగ్గా ఈ మాటే మాట్లాడారు. గ్రామాన్ని పొగిడేవాళ్లను తప్పుపట్టి, ముసాయిదా రాజ్యాంగం గ్రామాన్ని వదిలి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషం ప్రకటించారు. టెలికాం శాఖ మళ్లీ గ్రామాన్నే పట్టుకుంది. ఊరిని ఒక్కటిగా లెక్కపెట్టడమంటే వాడను లెక్కలోంచి తీసేయడమే.

దీని ఫలితం 2020లో చూశాం. హాస్టళ్లు ఖాళీ అయ్యాయి, క్లాసులు ఫోనులోకి వెళ్లాయి. సిగ్నల్ కోసం మా పిల్లలు వాటర్ ట్యాంకులెక్కారు. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములకు ఒకే ఫోను. ఎవరి క్లాసు పోవాలో ఇంట్లోనే తేల్చుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడొక సందు దొరికింది. 2023 టెలికాం చట్టం పాత నిధికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చింది. 2024 నిబంధనల్లో ఆర్థికంగా, సామాజికంగా బలహీన వర్గాలకు సేవలు అందించడాన్ని కూడా నిధి వాడదగిన పనుల్లో చేర్చారు. 2023 ఆగస్టులో ఆమోదించిన కొత్త భారత్‌నెట్‌లో పంచాయతీ కేంద్రాలు కాని గ్రామాలకు అడిగితే ఇస్తామన్నారు. అడిగేది ఎవరు? ఊరి పెద్దలు మన కోసం అడగరు.

అందుకే ఉస్మానియాలో చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని చెబుతున్నాను. ఈ సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు పంచాయతీ ఆఫీసులో తీగ ఉందో లేదో, అది పనిచేస్తోందో లేదో చూడండి. అక్కడి నుంచి మన వాడకు ఎన్ని అడుగులో కొలవండి. ఆ లెక్కతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, గ్రామసభలో తీర్మానం అడగండి. ఎస్సీ సబ్‌ప్లాన్ ఎట్లా సాధించుకున్నామో గుర్తుంది కదా! ముందు మన వాటా ఎంతో లెక్క తీశాం, ఆ లెక్క పట్టుకుని కొట్లాడాం, 2013లో చట్టం వచ్చింది.

వచ్చే భాగంలో మీరు పంపిన కొలతలతోనే రాస్తాను.

జై భీమ్.