గడువు పెంచండి: పాలారు ఒడ్డు ఎగుమతుల కథ

1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు వేసిన రైలు మార్గం అరక్కోణం మీదుగా సాగింది. దక్షిణాదిలో అదే తొలి ప్రయాణికుల రైలు మార్గం. మద్రాసు రేవుకు దారి దగ్గరైన, పాలారు నది పారే ఉత్తర ఆర్కాటులో తోళ్ల వ్యాపారం పెరిగింది. చాలాకాలం సగం శుద్ధి చేసిన తోలును ఓడెక్కించడమే వ్యాపారం. దానికి పెద్ద యంత్రాలతో పని లేదు.

తోలు పరిశ్రమపై వేసిన సీతారామయ్య కమిటీ సిఫార్సుల మీద 1973లో కేంద్రం ఆ ఎగుమతికి కళ్లెం వేసింది. పూర్తిగా తయారైన తోలు, బూట్లు పంపాలి. మన శాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మ పెంచిన మద్రాసు తోళ్ల పరిశోధన సంస్థ ఆ విద్య నేర్పింది. యంత్రాలు మాత్రం చాలావరకు విదేశాల నుంచే రావాలి.

ఆ అవసరానికి 1990లో ఈపీసీజీ (ఎగుమతి ప్రోత్సాహక మూలధన వస్తువుల) పథకం వచ్చింది. 25 శాతం సుంకంతో యంత్రం తెచ్చుకో, దాని విలువకు మూడు రెట్ల సరుకు నాలుగేళ్లలో ఎగుమతి చెయ్యి అన్నారు. 1995లో 20 కోట్లు, ఆపై విలువైన యంత్రాలకు సుంకం సున్నా, ఎగుమతి బాధ్యత ఆరు రెట్లు, గడువు ఎనిమిదేళ్లు. 2013 నుంచి ఆదా అయిన సుంకానికి ఆరు రెట్లు, ఆరేళ్లు. చెయ్యలేకపోతే ఆ సుంకం వడ్డీతో కట్టాలి. లేదా విదేశీ వాణిజ్య డైరెక్టరేటుకు అర్జీ పెట్టి, కాంపొజిషన్ ఫీజు చెల్లించి గడువు అడగాలి.  

గడువు ఎందుకు చాలదు? యజమాని అలసత్వమని డైరెక్టరేటుకు అనుమానం. కొందరి విషయంలో నిజమే కావచ్చు. కానీ ఈ ప్రాంతం చరిత్ర వేరే మాట చెబుతుంది. తోళ్లలో వాడిన రసాయనం పెంటాక్లోరోఫినాల్‌పై జర్మనీ ఆంక్షలు పెట్టింది. టానరీలు పాలారును విషం చేశాయని వేలూరు పౌరులు వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఒక్కో టానరీకి పదివేల జరిమానా విధించి, నవంబరు 30లోగా శుద్ధి ఏర్పాట్లు చేసుకోమంది. నదికి ఆ తీర్పు అవసరమే, ఆలస్యంగానే వచ్చింది. అయితే టానరీ మూతపడినా ఈపీసీజీ లైసెన్సు మీది గడువు తేదీ ఆగదు.

కోవిడ్ వేళ మాత్రం ప్రభుత్వమే ముందుకొచ్చింది. 2020లో ఆరు నెలల అదనపు గడువు అడగకుండానే ఇచ్చింది. 2021 సెప్టెంబరులో మళ్లీ పొడిగిస్తూ, మిగిలిన బాధ్యతపై 5 శాతం అదనపు ఎగుమతి షరతు పెట్టింది. 2023లో పాత బకాయిదారులకు క్షమాభిక్ష పథకం తెచ్చి, వడ్డీ సుంకాన్ని మించకుండా చూసింది.

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల్లో చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. పాలారు ఒడ్డునున్న ఆంబూరు, రాణిపేట బూట్ల తయారీదారుల్లో అప్పటికి లైసెన్సు గడువు నడుస్తున్నవారికి అర్జీలో రాయడానికి మరో కారణం దొరికింది.