రోజా, కాంట్రాక్టు, ఫుట్‌బాల్: జర్మనీ రెండో డివిజన్‌లో ఒక సీజన్ ఖిస్సా



జర్మనీ ఫుట్‌బాల్ అనగానే మన పిల్లలు బయెర్న్ మ్యూనిక్ అంటారు, డార్ట్‌మండ్ అంటారు. ఆటగాళ్ల పేర్లు, జెర్సీ నంబర్లు వాళ్లకు నోటికొచ్చు. నేను ఈసారి చెప్పబోయే ఖిస్సా ఆ పెద్ద క్లబ్బులది కాదు. వాటికి ఒక మెట్టు కింద, రెండో డివిజన్‌లో 2009-10 సీజన్‌లో జరిగింది. ఆ సంవత్సరం ఎవరు గెలిచారన్నది రికార్డు పుస్తకాల్లో ఉంది. ముగ్గురు ముస్లిం ఆటగాళ్లు రోజా ఉన్నందుకు వాళ్ల క్లబ్బు మెమోలు ఇచ్చిన సంగతి మాత్రం ఇప్పుడు ఎవరికీ పెద్దగా యాద్ లేదు. అందుకే ఇక్కడ రాసిపెడుతున్నా.

ముందు ఆ లీగ్ గురించి రెండు ముక్కలు. జర్మనీలో పై డివిజన్ పేరు బుండెస్‌లీగా. దాని కింద రెండో బుండెస్‌లీగా 1974లో ఉత్తరం, దక్షిణం అని రెండు గ్రూపులుగా మొదలైంది. 1981లో రెండూ కలిసి ఒకే లీగ్ అయ్యాయి. 2009-10 నాటికి అందులో 18 జట్లు. ఒక్కో జట్టు 34 మ్యాచ్‌లు ఆడాలి. మొదటి రెండు జట్లు నేరుగా పైకి వెళతాయి. మూడో జట్టు, పై డివిజన్‌లో కింది నుంచి మూడో జట్టుతో తలపడి గెలిస్తేనే పైకి. చివరి రెండు జట్లు కిందికి. 16వ స్థానంలో ఉన్న జట్టు, మూడో డివిజన్ నుంచి వచ్చే జట్టుతో రెండు మ్యాచ్‌లు ఆడి తన జాగా కాపాడుకోవాలి. కిందికి పడితే టీవీ డబ్బు పోతుంది, స్పాన్సర్లు పోతారు, ఆటగాళ్లు వేరే ఊళ్లు వెతుక్కుంటారు, ఆఫీసులో పనిచేసే మామూలు మనుషుల నౌకరీలు కూడా పోతాయి. ఇక్కడ ఆట అంటే చాలా కుటుంబాల రోజీ రోటీ.

ఆ సంవత్సరం కైజర్స్‌లాటర్న్ 67 పాయింట్లతో మొదటి స్థానంలో నిలిచింది. ఆ ఊరి జనాభా దాదాపు లక్ష. అయినా 1954లో ప్రపంచ కప్ గెలిచిన జర్మనీ జట్టులో ఐదుగురు ఆ క్లబ్బు వాళ్లే. 2006లో కింది డివిజన్‌కి పడిపోయి, నాలుగేళ్ల తర్వాత మళ్లీ పైకి లేచింది. రెండో స్థానం హాంబర్గ్ ఓడరేవు పక్కన ఉండే సాంక్ట్ పౌలీది. పుర్రె జెండా పట్టుకుని, జాత్యహంకారానికి ఎదురు నిలిచే అభిమానులతో ఆ క్లబ్బుకి దునియా అంతా పేరుంది. 2010 మే నెలలో దానికి వందేళ్లు నిండాయి. పైకి వెళ్లే ఖుషీ కూడా ఆ నెలలోనే వచ్చింది. మూడో స్థానంలో నిలిచిన ఆగ్స్‌బర్గ్, న్యూరెంబర్గ్ చేతిలో రెండు మ్యాచ్‌లూ ఓడి ఉన్న చోటే ఉండిపోయింది. 23 గోల్స్‌తో లీగ్‌లో అందరికంటే ముందున్న మిఖాయెల్ టుర్క్ ఆ జట్టు వాడే.

మన ఖిస్సా పట్టిక పైభాగంలో లేదు, అట్టడుగున ఉంది.

ఫ్రాంక్‌ఫర్ట్ మనకు తెలిసిన ఊరే. అమెరికా వెళ్లే మన పిల్లలు విమానం మారే చోటు. అక్కడ పెద్ద క్లబ్బు ఐన్‌ట్రాఖ్ట్. దాని నీడలో బతికే చిన్న క్లబ్బు పేరు ఎఫ్‌ఎస్‌వీ ఫ్రాంక్‌ఫర్ట్. రెండూ 1899లో పుట్టినవే. 1925లో ఎఫ్‌ఎస్‌వీ జర్మనీ చాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వెళ్లి, న్యూరెంబర్గ్ చేతిలో 0-1తో ఓడింది. ఆ తర్వాత చాలా కాలం కింది లీగుల్లోనే గడిపింది. 2008లో మళ్లీ రెండో డివిజన్‌కి చేరి, మొదటి సంవత్సరం ఎలాగో నెగ్గుకొచ్చింది. రెండో సంవత్సరం, అంటే 2009-10, మొదలుకావడమే నష్టంతో మొదలైంది. వరుస ఓటములు. అక్టోబరులో కోచ్ తొమాస్ ఓరల్ వెళ్లిపోయాడు, హన్స్-యుర్గెన్ బోయ్‌సెన్ వచ్చాడు.

ఆ సీజన్ ఆగస్టు 7న మొదలైంది. రెండు వారాలకే రంజాన్ వచ్చింది. ఆగస్టు చివరి రోజుల్లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మగ్రిబ్ రాత్రి ఎనిమిది దాటాకే. సహరీ నుంచి లెక్కేస్తే రోజా దాదాపు 16 గంటలు. పగలు ట్రైనింగ్, వారానికో మ్యాచ్.

అక్టోబరులో విషయం పత్రికలకెక్కింది. ముగ్గురు ఆటగాళ్లకు క్లబ్బు లిఖితపూర్వక హెచ్చరిక ఇచ్చింది. వాళ్లు సుమైలా కులిబాలీ, పా సైకూ కుజాబీ, వలీద్ ముఖ్తారీ. కులిబాలీ మాలీ దేశపు అంతర్జాతీయ ఆటగాడు, ఫ్రైబర్గ్ క్లబ్బులో ఏళ్ల తరబడి ఆడి పేరు తెచ్చుకున్నవాడు. కుజాబీ మూలాలు గాంబియావి, ముఖ్తారీవి మొరాకోవి. క్లబ్బు చెప్పిన కారణం ఇది: కాంట్రాక్టులో ఒక షరతు ఉంది, దాని ప్రకారం అనుమతి తీసుకోకుండా రోజా ఉండకూడదు, వీళ్లు ఉన్నారు. అప్పటి క్లబ్బు మేనేజర్ బెర్న్‌డ్ రైజిగ్. జర్మన్‌లో ఇలాంటి హెచ్చరికని అబ్‌మానుంగ్ అంటారు. మనవాళ్లు మెమో అన్నట్టే గానీ, అక్కడి కార్మిక చట్టంలో దాని బరువు ఎక్కువ. అదే తప్పు మళ్లీ చేస్తే నౌకరీ తీసేయడానికి అది మొదటి మెట్టు.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఆటగాడు తాగి వచ్చినందుకో, ట్రైనింగ్ ఎగ్గొట్టినందుకో ఇచ్చే కాగితం అది. ఇక్కడ ఇబాదత్ చేసినందుకు ఇచ్చారు. జర్మనీ రాజ్యాంగం నాలుగో అధికరణం మత స్వేచ్ఛకి హామీ ఇస్తుంది. మరి ఒక కాంట్రాక్టులో రాసుకున్న షరతు ఆ హక్కుకి అడ్డు రావచ్చా? ఆటగాళ్ల యూనియన్ నుంచి కూడా విమర్శ వచ్చింది.

క్లబ్బు వైపు మాట కూడా చెప్పాలి, ఇన్సాఫ్ అంటే అదే. జట్టు అడుగున ఉంది. ఆటగాడి శరీరమే క్లబ్బుకి పెట్టుబడి. 16 గంటలు నీళ్లు లేకుండా పరిగెత్తితే ఆట తగ్గుతుందని, దెబ్బలు తగులుతాయని భయం. ఆ భయం ఒక్క ఫ్రాంక్‌ఫర్ట్‌కే లేదు. అదే ఆగస్టులో ఇటలీలో ఇంటర్ మిలాన్ కోచ్ జోసే మొరీన్యో, బారీతో మ్యాచ్‌లో ఘనా ఆటగాడు సులే ముంతారీని అరగంటకే బయటికి పిలిచి, దానికి రోజానే కారణంగా చూపించాడు. యూరప్ అంతా మాట్లాడుకుంది. అంటే ఆ రంజాన్‌లో యూరప్ ఫుట్‌బాల్ ముందు ఒక సవాల్ నిలబడింది: మైదానాల్లో ముస్లింలు ఇంతమంది ఉన్నప్పుడు వాళ్ల దీన్‌ని ఏం చేయాలి?

ఎఫ్‌ఎస్‌వీ విషయం కోర్టు దాకా పోకుండా ఉలమా దగ్గరికి పోయింది. జర్మనీ ముస్లింల కేంద్ర మండలి మధ్యలోకి వచ్చింది. అప్పుడు దాని ప్రధాన కార్యదర్శి అయ్‌మన్ మజ్యెక్. క్లబ్బుతోనూ ఫుట్‌బాల్ సంస్థలతోనూ మండలి మాట్లాడింది. కైరోలోని అల్-అజ్హర్ అభిప్రాయం అడిగింది. నెలలు గడిచాయి. సీజన్ ముగిసింది. ఎఫ్‌ఎస్‌వీ 15వ స్థానంలో నిలిచి బతికిపోయింది. అది నేరుగా లీగ్‌లో నిలిచే ఆఖరి జాగా. దాని వెనకే ఉన్న హన్సా రోస్టాక్, ఇంగోల్‌స్టాట్‌తో ఓడి మూడో డివిజన్‌కి జారింది. కోబ్లెంజ్, ఆలెన్ జట్లూ దిగిపోయాయి.

2010 జూలైలో ఫైసలా వచ్చింది. ఆట ఆటగాడికి జీవనోపాధి అయి, కాంట్రాక్టు అతన్ని కట్టిపడేసి, రోజా వల్ల ఆట దెబ్బతినేట్టయితే, అతను రోజా వదిలి, మ్యాచ్‌లు లేని రోజుల్లో ఖజా చేసుకోవచ్చు. ఆ నెలలోనే దక్షిణాఫ్రికా ప్రపంచ కప్‌లో మెసూత్ ఓజిల్, సామీ ఖెదీరా లాంటి పేర్లున్న జర్మనీ జట్టు మూడో స్థానం గెలిచింది. ఆ జట్టుని చూసి కొత్త జర్మనీ అని మెచ్చుకున్నారు. ఆ కొత్త జర్మనీ ఆఫీసు గదిలో మాత్రం రోజా ఇంకా ఒక ఫైలు.

ఈ ఫైసలాని ఎలా చూడాలి? ఉర్దూ మీడియం బడిలో మా దీనియాత్ ఉస్తాద్ బోర్డు మీద రెండు మాటలు రాసేవారు: అజీమత్, రుఖ్సత్. అజీమత్ అంటే అసలు హుకుం. రుఖ్సత్ అంటే మజ్బూరీలో దొరికే సడలింపు. బీమారుకి, ముసాఫిర్‌కి రోజా తర్వాత పెట్టుకునే సౌలభ్యం సూరా బఖరాలోనే ఉంది. ఎండలో రాళ్లు కొట్టేవాడు, కొలిమి ముందు నిలబడేవాడు ఏం చేయాలన్న చర్చ ఫిఖ్‌లో కొత్తది కాదు. ఫుట్‌బాల్ ఆటగాడిని ఆ వరసలో పెట్టవచ్చా అన్నది ఉలమా తేల్చాల్సిన మాట, నాది కాదు.

నాకు కనిపించే చిక్కు వేరే. రుఖ్సత్ అల్లాహ్ బందాకి ఇచ్చింది. తన ఒంట్లో శక్తి ఎంత, ఇంటి మజ్బూరీ ఏమిటి అన్నది బందాకే తెలుసు. నియ్యత్ కూడా అతనిదే. అదే రుఖ్సత్ యజమాని చేతికి చేరి కాంట్రాక్టులో ఒక లైను అయితే, సడలింపు కాస్తా హుకుం అవుతుంది. అప్పుడు రోజా ఉండాలనుకున్నవాడు తన ఉలమా మాటే వినట్లేదన్న నింద కూడా మోయాలి. 2010 ఫైసలా రోజా వదిలేవాడి మనసుకి ఊరట ఇచ్చింది. పట్టుదలగా ఉండేవాడి హక్ గురించి అంత గట్టిగా మాట్లాడలేదని నా అభిప్రాయం. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. అరిచి, తిట్టుకుని విడిపోవడం తేలికైన చోట క్లబ్బు, కౌమ్ ఒకే బల్ల ముందు కూర్చున్నాయి. అది చిన్న విషయం కాదు.

మనకిది దూరపు సంగతి అనిపించవచ్చు. మన దగ్గర తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు గంట ముందు ఇంటికి వెళ్లేలా ఉత్తర్వులు ఇస్తున్నాయి. సర్కారీ నౌకరీ లేనివాళ్ల మాటేమిటి? సాయంత్రం డెలివరీ బండి నడిపేవాడు, మాల్‌లో నిలబడే అమ్మాయి, రాత్రి షిఫ్టు కాల్ సెంటర్ కుర్రాడు... నేను పత్రిక డెస్కులో పనిచేసేటప్పుడు మగ్రిబ్ వేళే పేజీలు వదిలే హడావిడి. పక్క సీటు మిత్రుడు "నువ్వెళ్లు భాయ్, నేను చూస్తా" అని నా పేజీ తనవైపు లాక్కునేవాడు. ఏ రూల్ బుక్కులోనూ ఆ మాట లేదు. అది అతని మంచితనం. అయితే హక్కు అనేది పక్క సీటు మనిషి మంచితనం మీద ఆధారపడకూడదు.

జర్మనీ అక్కడే ఆగిపోలేదు. 2022 ఏప్రిల్ 6న ఆగ్స్‌బర్గ్, మైన్జ్ జట్లు బుండెస్‌లీగాలో ఆడుతున్నాయి. రెండో సగంలో సూర్యుడు అస్తమించాడు. రిఫరీ మథియాస్ యోలెన్‌బెక్ ఆట ఆపాడు. మైన్జ్ డిఫెండర్ మూసా నియాఖతే నీళ్లు తాగి ఇఫ్తార్ చేశాడు. రిఫరీకి థాంక్స్ చెప్పి మళ్లీ ఆటలోకి వెళ్లాడు. బుండెస్‌లీగాలో అలా జరగడం అదే మొదటిసారి. కొన్ని రోజులకే లైప్‌జిగ్ మ్యాచ్‌లో మొహమ్మద్ సిమకాన్ కోసం కూడా ఆట ఆగింది. ఎవరి గెలుపూ పోలేదు, ఎవరి డబ్బూ పోలేదు.

ఎఫ్‌ఎస్‌వీ మాత్రం 2016లో రెండో డివిజన్ నుంచి దిగిపోయింది. మరుసటి సంవత్సరం దివాలా పిటిషన్ వేసి, నాలుగో అంచెకి చేరింది. రోజా మాన్పిస్తే నిలబడే క్లబ్బు, రోజా ఉంటే కూలే క్లబ్బు అని ఏదీ ఉండదు. నిలబెట్టేవీ కూల్చేవీ వేరే ఉంటాయి.

ఇంట్లో పిల్లలు మ్యాచ్ చూస్తుంటే ఈ ఖిస్సా చెప్పండి. రేపు వాళ్లు బెంగళూరులోనో బెర్లిన్‌లోనో ఆఫర్ లెటర్ అందుకుంటారు. జీతం అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టొద్దని, కింద చిన్న అక్షరాల్లో ఉన్నదంతా చదవమని, అర్థం కానిది అదబ్‌తో, భయం లేకుండా అడగమని చెప్పండి. ఖుదా హాఫిజ్.